మూడు వార్డుల సగటు

ఆగస్టు 4, సోమవారం

విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. భాష బాగుంది, విషయమే నాకు అంతగా సంబంధించినది కాదు. గణాంకశాస్త్రం మొదటి అంతర్గత పరీక్షలో పదహారు మార్కులకు తక్కువ వచ్చిన విద్యార్థులు వారానికి రెండుసార్లు గ్రంథాలయం వెనుక ఉన్న సహాధ్యయన కేంద్రానికి వెళ్ళి, పై తరగతి విద్యార్థుల సహాయంతో చదువుకోవాలట. మొత్తం మూడు పరీక్షల్లో ఒక్కటైనా గట్టెక్కకపోతే పేరు తీసేస్తారట.

నాకు నలభైకి పదకొండు వచ్చాయి. ఆ రోజు పెట్టుకున్నది పాత కళ్ళజోడు. ప్రశ్నపత్రం అచ్చు కూడా మరీ చిన్నది.

అయినా వెళ్తాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో సామాజిక శాస్త్రం డిగ్రీలో చేరినది పిల్లలతో పోటీ పడడానికి కాదు. నలభై ఏడేళ్ళ క్రితమే సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నాను. ఆసుపత్రి రికార్డుల విభాగంలో ముప్ఫైయొక్క ఏళ్ళు పనిచేసి, అందులో చివరి పందొమ్మిదేళ్ళు ఆ విభాగాన్ని నడిపాను. ఈ తరం ఎలా చదువుతున్నదో దగ్గరగా పరిశీలించే అవకాశం ఉత్తరం రూపంలో ఇంటికే వస్తే కాదనడం దేనికి?

ఆగస్టు 5

ఉదయం ఏడింటికి, ఎప్పటిలాగే, చెల్లెలు ఫోను చేసింది. పక్క వీధిలోనే ఉంటుంది. అయినా నా మూడంతస్తుల మెట్లు ఎక్కడం ఆమె మోకాళ్ళకు ఇష్టం ఉండదు.

"ఏంటక్కా, పరీక్ష మార్కులొచ్చాయా?"

"వచ్చాయి."

"క్లాసు ఫస్టేనా?"

"అక్కడ ఒక కేంద్రం ఉందిలే. వెనకబడిన పిల్లల కోసం. వారానికి రెండు రోజులు రమ్మని నాకు ఉత్తరం రాశారు."

"అమ్మో! చేరిన నెల రోజులకే పాఠాలు చెప్పమన్నారా నిన్ను? ఆ పిల్లల గతేం కాను!"

నేను అవునన్లేదు. కాదని కూడా అన్లేదు. ఇది అబద్ధం కాదు, సంక్షిప్తీకరణ.

ఆగస్టు 7, గురువారం

ఆ గది ఒకప్పటి ప్రయోగశాల. ఇప్పటికీ గోడ పొడుగునా కొళాయిలు ఉన్నాయి, నీళ్ళు రావు. ఆరు గుండ్రటి బల్లలు. ఒక్కో బల్ల పక్కన కాళ్ళమీద నిలబెట్టిన తెల్లబోర్డు. సగం ఎండిపోయిన మార్కర్లు. ఒక గోడకు పెద్ద అద్దం, దాని అవతల ఇన్‌ఛార్జి గది. నాకు నాలుగో బల్ల అని రాశారు.

బల్ల దగ్గర ఒక సన్నటి అమ్మాయి నిలబడి బోర్డు తుడుస్తోంది. మూడో సంవత్సరం విద్యార్థినట. నన్ను చూడగానే మార్కరు దించేసింది.

"ఇన్‌ఛార్జిగారు లోపలున్నారండీ, ఆ తలుపు."

"నేను వచ్చింది నీ కోసమే. ఈ ఉత్తరం చూడు."

చదివింది. మొహంలో ఏ మార్పూ లేదు. అది నాకు నచ్చింది.

"కూర్చోండి. ఆ ఆకుపచ్చ కుర్చీ మాత్రం తీసుకోకండి, కాలు ఊగుతుంది."

నేను ఆకుపచ్చ కుర్చీలోనే కూర్చున్నాను. గంటన్నరసేపు ఊగాను.

బల్ల చుట్టూ మరో ముగ్గురు, అందరూ పద్దెనిమిదేళ్ళవాళ్ళు, నాలాగే ఉత్తరం అందుకున్నవాళ్ళు. నడుం దాటిన జడతో ఒక అమ్మాయి. నోటికి చేయి అడ్డం పెట్టకుండా ఆవులించే అబ్బాయి. మైదానంలోంచి నేరుగా మట్టిబూట్లతో వచ్చిన ఇంకో అబ్బాయి. పొడుగుజడ, ఆవులింత, బూట్లబాబు. పేర్లు గుర్తుపెట్టుకోవలసిన అవసరం నాకు లేదు.

"మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" అంది బోర్డు అమ్మాయి.

"ఉత్తరంలో పేరుంది కదా."

"పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదండీ."

"అమ్మమ్మగారూ అందామక్కా!" అన్నాడు బూట్లబాబు.

"నాకు మనవలు లేరు. ఉన్నా, ఆ బూట్లతో గడప తొక్కనిచ్చేదాన్ని కాదు."

ఆవులింత సగంలో ఆపి నవ్వాడు. చివరికి "మేడమ్" అని తేలింది.

ఈ కేంద్రానికొక నియమం ఉంది. బల్ల నడిపేవాళ్ళు జవాబు చెప్పకూడదు. తప్పు అనకూడదు, ఒప్పు అనకూడదు, అడగాలి. మార్కరు ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉండాలి. ఆ అమ్మాయి ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తుంది. "ఇది సరైనదేనా?" అని నేనడిగితే "సరో కాదో తేల్చుకోవడానికి మనం ఏం చూడాలంటారు?" అంటుంది. అది తెలిస్తే నేను ఇక్కడికి ఎందుకు వస్తాను?

పరిశీలనకు వచ్చాను, సరే. అయినా.

ఆగస్టు 11

ప్రశ్నలపిల్ల. ఆమెకు ఈ పేరు సరిపోతుంది.

ఆగస్టు 14, గురువారం

బస్సులో ఎవరో లేచి సీటు ఇవ్వబోతే కూర్చోమన్నాను. దిగాక ప్రశ్నలపిల్ల కనిపించి, నా సంచీ పట్టుకుంటానంది. అక్కర్లేదన్నాను. గేటు నుంచి గ్రంథాలయం వరకు కలిసి నడిచాం. తనకు పాఠాలు చెప్పాలని కోరికట. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు దరఖాస్తు చేస్తోంది. ఈ సెమిస్టరంతా బల్ల నడిపితే కేంద్రం సిఫారసు ఉత్తరం ఇస్తుంది; అది లేనివాళ్ళ దరఖాస్తులు అక్కడ తెరిచి చూడను కూడా చూడరట.

"ఇంట్లో ఏమంటారు?"

"మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కండీ. 'నువ్వు నోరు తెరిస్తే అవతలివాళ్ళకి అనుమానాలే గానీ సమాధానాలు రావు, నువ్వేం టీచరువే' అంటాడు."

ఆయనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ మాట పైకి అనలేదు.

ఆగస్టు 18, సోమవారం

ఈ రోజు చాలా బాగుంది. వివరంగా రాయాలి.

ప్రశ్నలపిల్ల బోర్డుమీద ఒక లెక్క రాసింది. ఒక ఆసుపత్రిలో మూడు వార్డులు. మొదటి వార్డులో అరవైమంది రోగులు, ఒక్కొక్కరు సగటున నాలుగు రోజులు ఉన్నారు. రెండో వార్డులో పదిమంది, సగటున పది రోజులు. మూడోదానిలో ఐదుగురు, సగటున పదమూడు రోజులు. మొత్తం ఆసుపత్రి సగటు ఎంత?

ఆసుపత్రి! పిల్లలు ముగ్గురూ బోర్డు వైపు శూన్యంగా చూస్తున్నారు. నేను లేచి మార్కరు తీసుకున్నాను. నాలుగు, పది, పదమూడు కలిపితే ఇరవై ఏడు. మూడు వార్డులు గనుక మూడుతో భాగించాలి. కింద, కార్యాలయంలో రాసే అలవాటు కొద్దీ, పూర్తి వాక్యం రాశాను: "కావున తేలినదేమనగా, ఆసుపత్రి సగటు తొమ్మిది రోజులు."

"ఓహ్, ఇంతేనా!" అన్నాడు ఆవులింత. మొదటిసారి అతని కళ్ళు పూర్తిగా తెరుచుకోవడం చూశాను.

ప్రశ్నలపిల్ల మార్కరు మూత కొరుకుతోంది. "మేడమ్, మొదటి వార్డులో అరవైమంది ఉన్నారు కదండీ. మూడోదాంట్లో ఐదుగురే. ఆ ఐదుగురికీ ఈ అరవైమందికీ ఒకే బరువు ఇద్దామా?"

"వార్డు అంటే వార్డేనమ్మా. చిన్నదైనా పెద్దదైనా. నువ్వు పుట్టకముందు నుంచీ నేనీ సగటులు తీసి పైకి పంపినదాన్ని. పందొమ్మిదేళ్ళలో ఒక్కటీ వెనక్కి రాలేదు."

"కాదండీ, ఒకసారి రోగుల వైపు నుంచి..."

"అక్కా, మేడమ్‌ది సులువుగా ఉందక్కా," అంది పొడుగుజడ, అప్పటికే రాసేసుకుంటూ. "మేడమ్‌ది అనుభవం కదా."

ఆ పిల్ల నన్ను చూసింది, వాళ్ళను చూసింది, నోరు మూసుకుంది.

ముగ్గురూ నా పద్ధతి నోట్సులోకి ఎక్కించుకున్నారు. చెల్లెలు ఆ రోజు అనుకున్నది ఇప్పుడు నిజమే అయింది.

ఆగస్టు 21

ప్రశ్నలపిల్ల మళ్ళీ ఆ మూడు వార్డుల లెక్కే బోర్డుమీద రాయబోయింది. తెలిసిన దానిమీద సమయం వృథా దేనికి, ముందుకు పోదామన్నాను. పిల్లలు నా వైపే మొగ్గారు.

ఆగస్టు 27, బుధవారం

రెండో అంతర్గత పరీక్ష. కొత్త కళ్ళజోడు. ఎనిమిది మార్కుల ప్రశ్న: మూడు పాఠశాలలు, మూడు సగటులు, మొత్తం సగటు ఎంత? అచ్చం నా వార్డుల లెక్కే. బయటికి రాగానే బూట్లబాబు వరండా అంతా వినబడేలా "మేడమ్, మీ లెక్కే పడింది! మీ వాక్యంతో సహా దింపేశాం!" అని అరిచాడు. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. మందలించాను గానీ, గట్టిగా కాదు.

సెప్టెంబరు 3

నాకు పద్నాలుగు. పొడుగుజడకు పదమూడు, ఆవులింతకు పన్నెండు, బూట్లబాబుకు పదిహేను. ఎనిమిది మార్కుల ప్రశ్నకు నలుగురికీ సున్నా.

లెక్చరరు కుర్రవాడు. కాగితాలు హడావిడిగా దిద్ది ఉంటాడు. రేపు వెళ్ళి అడుగుతాను.

సెప్టెంబరు 4, గురువారం

అడగలేదు. అతను తరగతిలోనే ఆ లెక్క చెప్పేశాడు, నాకు వీపు చూపిస్తూ. నేను రాసుకోలేదు.

మూడింటికి బల్ల దగ్గర ప్రశ్నలపిల్ల ఒక్కతే కూర్చుని ఉంది.

"వాళ్ళు రారండీ. ఇన్‌ఛార్జిగారి దగ్గరికి వెళ్ళారు. నాలుగో బల్ల దగ్గర నేర్చుకున్న పద్ధతే రాశాం, అందుకే మార్కులు పోయాయని చెప్పారు."

"నాలుగో బల్ల అంటే?"

"నేనే కదండీ."

గోడకున్న అద్దం వైపు ఒకసారి చూసింది. రేపటిలోగా సంజాయిషీ రాసివ్వాలట.

"నేను మాట్లాడతాను ఆయనతో."

"వద్దండీ." నేను సంచీ సర్దుకుని లేస్తుంటే అంది: "మేడమ్, ఒక్కసారి ఇంట్లో ఆ లెక్క చేసి చూడండి. వార్డుల్ని కాదు, మనుషుల్ని లెక్కపెట్టి."

నా వయసుకు హోంవర్కు ఇచ్చింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఉదయం పది గంటలకు కుట్టుపెట్టెలోని గుండీలన్నీ వంటింటి బల్లమీద పోశాను. అరవై ఇటు, పది మధ్యలో, ఐదు అటు. ఒక్కో గుండీ ఒక్కో మనిషి. అరవైమంది, నాలుగేసి రోజులు: రెండువందల నలభై. పదిమంది, పదేసి రోజులు: వంద. ఐదుగురు, పదమూడేసి రోజులు: అరవై అయిదు. అన్నీ కలిపితే నాలుగువందల అయిదు రోజులు. డెబ్బై అయిదుమంది.

ఐదు పాయింట్ నాలుగు.

మళ్ళీ చేశాను. ఐదు పాయింట్ నాలుగు. గుండీలు లెక్క తప్పాయేమోనని మళ్ళీ ఏరాను. డెబ్బై అయిదే. తొమ్మిది కాదు. తొమ్మిది ఏ విధంగానూ రాదు. ఆ మూల ఉన్న ఐదు గుండీలు, ఈ అరవై గుండీల కుప్పను పట్టుకుని తొమ్మిది దాకా లాగలేవు. చంటిపిల్లకైనా కనిపిస్తుంది.

టీ పెట్టుకున్నాను. తాగలేదు. కిటికీ దాకా, తలుపు దాకా, మళ్ళీ కిటికీ దాకా. ఈ ఇల్లు ఇంత చిన్నదని నాకెప్పుడూ అనిపించలేదు.

ఒక విషయం గుర్తుకు వచ్చింది. రాయకుండా ఉండవచ్చు. ఈ పుస్తకం ఎవరూ చదవరు. రాస్తాను. నేను అధిపతినైన ఆరో ఏటో ఏడో ఏటో పైనుంచి ఆదేశం వచ్చింది: మీ ఆసుపత్రిలో రోగులు సగటున మరీ ఎక్కువ రోజులు ఉంటున్నారు, త్వరగా పంపించండి. అప్పుడు పెద్ద వార్డు సిస్టరు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "మా వార్డులో ఎవరూ నాలుగు రోజులు దాటి ఉండరే, తొమ్మిది ఎలా వచ్చిందమ్మా? ఇంకా త్వరగా ఎక్కడికి పంపను, కుట్లు విప్పకుండానా?" అని అడిగింది. నేను తల ఎత్తకుండా అన్నాను: "లెక్కలు నాకు వదిలేయండి సిస్టర్. మీరు మీ పని చూసుకోండి."

ఆమె వెళ్ళిపోయింది. నోరు మూసుకుని.

సెప్టెంబరు 6

పందొమ్మిది నివేదికలు.

సెప్టెంబరు 7

చెల్లెలి ఫోను ఎత్తలేదు. రెండుసార్లు చేసింది.

సెప్టెంబరు 8, సోమవారం

నాలుగో బల్లమీద ఒక కాగితం అంటించి ఉంది: "తాత్కాలికంగా నిలిపివేయడమైనది." ప్రశ్నలపిల్ల గ్రంథాలయం మెట్లమీద కూర్చుని ఉంది. సంజాయిషీలో ఏం రాశావని అడిగాను.

"బల్ల దగ్గర తప్పు పద్ధతి నడిచింది, సరిదిద్దలేకపోయాను అని."

"నా సంగతి?"

"మీ సంగతి ఏముందండీ అందులో?"

బల్ల ఎత్తేస్తే సిఫారసు ఉండదు. దరఖాస్తుకు ఈ నెలాఖరు గడువు. ఇవేమీ ఆమె చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు.

రేపు వెళ్తాను. ఆ పిల్ల వద్దన్నది. అయినా వెళ్తాను.

సెప్టెంబరు 9, మంగళవారం

ఇన్‌ఛార్జి నలభై దాటిన మనిషి, మర్యాదస్థుడు. నేను తలుపు తట్టగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ జరిపాడు, ఫ్యాను పెంచాడు. నేను దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలను వరుసగా చెప్పాను. తప్పు పద్ధతి నాది. బోర్డుమీద రాసింది నేను. ఆ అమ్మాయి రెండుసార్లు ఆపబోతే, రెండుసార్లూ నోరు మూయించింది నేను.

ఆయన చిరునవ్వుతో విన్నాడు. "అర్థమైందండీ. ఆ అమ్మాయి భవిష్యత్తు గురించి మీ ఆరాటం. మీది పెద్ద మనసు."

"నా మనసు సంగతి కాదు. లెక్క సంగతి."

"అంత పెద్ద విభాగాన్ని నడిపిన మనిషి, మీకు సగటు తీయడం రాదంటే నన్ను నమ్మమంటారా మేడమ్? ఎవరికైనా చెబితే నవ్విపోతారు." నిజంగానే నవ్వాడు కూడా.

జీవితంలో మొదటిసారి నాకు ఒక విషయం రాదని ఒప్పుకుంటే, అవతలి మనిషి ఒప్పుకోవడం లేదు. నా మొహం, నా చీర మడతలు, నా మాటతీరు, అన్నీ నాకే ఎదురుసాక్ష్యం చెబుతున్నాయి. బతిమాలాలో కోప్పడాలో తెలియలేదు.

"ఆ ముగ్గురి జవాబుపత్రాలు మీ దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎనిమిది మార్కుల ప్రశ్న కింద చివరి వాక్యం చదవండి."

తీశాడు. మొదటిది చదివాడు: "కావున తేలినదేమనగా." రెండోది తిప్పాడు: "కావున తేలినదేమనగా." మూడోది చదివేసరికి నవ్వు ఆగిపోయింది. బూట్లబాబు దానికింద గీత కూడా గీశాడట.

"ఇప్పుడు నా పత్రం తెప్పించి చూడండి," అన్నాను. "ఈ మాట పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఎవరైనా రాస్తారా? బల్ల నడిపే ఆ అమ్మాయి మాట్లాడుతుందా ఇలా?"

ఆయన కాగితాలు ఒక్కటిగా సర్దాడు. చాలాసేపు సర్దాడు. "సరేనండీ. కానీ బల్ల నడిపేది ఆమె. జరుగుతుంటే ఊరుకుంది కదా."

"నేను ఊరుకోబెట్టాను."

"అదీ ఆమె బాధ్యతే. నియమం అలాగే ఉంది మేడమ్." ఆలోచించి అన్నాడు: "ఒక బల్ల నడవాలంటే కనీసం నలుగురు ఉండాలి. సోమవారం మూడు గంటలకు ఆ ముగ్గురూ, మీరూ ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే కొనసాగిస్తాను. ఒక్కరు తగ్గినా ఎత్తేస్తాను. వాళ్ళను రమ్మని నేను మాత్రం చెప్పను. వాళ్ళ ఇష్టంతో రావాలి."

లేచి నమస్కరించాడు. నేను మెట్లు దిగుతుంటే చేయందించబోయాడు. ఆ ఒక్కటి తీసుకోలేదు.

సెప్టెంబరు 10, బుధవారం

ప్రశ్నలపిల్ల ధన్యవాదాలు చెబుతుందనుకున్నాను. రాస్తే ఎంత చిన్నగా ఉందో ఈ మాట.

"ఎవరు చెప్పమన్నారండీ మిమ్మల్ని?" గ్రంథాలయం వరండా. గొంతు తగ్గించే మాట్లాడింది. "వద్దన్నాను కదా. వద్దంటే మీకు వినపడదా?"

"నా తప్పు నేను చెప్పుకున్నాను. అందులో నీకేమిటి?"

"మీ తప్పు తొమ్మిది అని రాయడం. అంతే. అది అందరూ చేస్తారు, అందుకే ఆ లెక్క పెట్టాను. పెద్దావిడ, ఏం బాగుంటుంది అనుకుని నేను ఊరుకున్నాను చూడండి, అది నా తప్పు. ముగ్గురు పిల్లలు నన్ను నమ్మి వస్తే మొహమాటపడి ఊరుకున్నాను. దాన్ని కూడా మీరే తీసేసుకుంటే ఎలాగండీ? ఇక నాకంటూ ఏం మిగిలింది అక్కడ?"

నా ఎదుట ఎవరూ ఇలా నిలబడి మాట్లాడి చాలా ఏళ్ళయింది. ఆ సిస్టరు ఇలా మాట్లాడి ఉంటే బాగుండేది.

"సోమవారానికి ఆ ముగ్గురూ రావాలి," అన్నాను చివరికి.

"తెలుసు. నేను పిలిచాను. రామన్నారు."

"నేను పిలుస్తాను."

"వాళ్ళు రానంటున్నది నా వల్లే అనుకుంటున్నారా మీరు?" అంది. వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 11, గురువారం

క్యాంటీన్‌లోకి మొదటిసారి అడుగుపెట్టాను. పొడుగుజడ స్నేహితురాళ్ళ గుంపు మధ్య ఉంది. నన్ను చూసి అందరూ లేచారు. అందరి ముందూ చెప్పాను: నేను చెప్పిన పద్ధతి తప్పు, మీ అక్క అడిగిన ప్రశ్నే ఒప్పు. ఇంకా ఒక పరీక్ష ఉంది. రమ్మని అడగడానికి వచ్చాను.

ఆ పిల్ల జడ కొస చుట్టుకుంటూ, తిప్పుకుంటూ ఉండిపోయింది. "మా ఇంట్లో ఫోను లాక్కున్నారు మేడమ్, మార్కులు చూసి."

"నా ఎనిమిది కూడా పోయాయి."

"మీకెవరు లాక్కుంటారు ఫోను?"

చూస్తానంది. వస్తానని కాదు.

ఆవులింత గ్రంథాలయంలో, తెరిచిన పుస్తకంమీద నిద్రపోతున్నాడు. లేపకూడదనిపించి, పక్క కుర్చీలో కూర్చుని ముప్పావుగంట ఎదురుచూశాను. కళ్ళు తెరిచి నన్ను చూడగానే హడలిపోయి "రాశాను మేడమ్, రాశాను!" అన్నాడు. సంగతి విన్నాక తల గోక్కున్నాడు. "వస్తాను గానీ, అక్క ప్రశ్నలు అడిగితే మీరు మధ్యలో చెప్పేస్తారు కదా. మీరు చెప్పేస్తే నాకు నిద్రొచ్చేస్తుంది."

సెప్టెంబరు 12, శుక్రవారం

మైదానం. ఎండ. బూట్లబాబు ఆట మధ్యలో ఉన్నాడు. గంటసేపు గట్టుమీద నిలబడ్డాను; ఎవరో కుర్చీ తెస్తే కూర్చున్నాను కూడా. ఇది ఇక్కడ నమోదు చేస్తున్నాను: కూర్చున్నాను.

చెమటలు కక్కుతూ వచ్చాడు. మొత్తం చెప్పాను. ఇన్‌ఛార్జికి ఫిర్యాదు చేద్దామన్నది తనేనట. మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మీ పేరు చెప్పడానికి నోరు రాలేదు మేడమ్. అక్క పేరైతే ఈజీగా వచ్చేసింది."

"ఆమె చిన్నది కనుక."

"అంతేగా మరి." బంతిని కాలితో అటూ ఇటూ దొర్లించాడు. "ఒక కండిషను. మీరు మాట్లాడకూడదు. గంటన్నర."

"అస్సలా?"

"అక్క మిమ్మల్ని అడిగితే తప్ప."

నాకు ఎవరూ షరతులు పెట్టలేదు ఇంతవరకూ. ఒప్పుకున్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

చెల్లెలికి నేనే ఫోను చేశాను. ఆ కేంద్రంలో నేను చెప్పడం లేదు, చెప్పించుకుంటున్నానని. పదకొండు. పద్నాలుగు. ఇరవయ్యేళ్ళ పిల్ల నాకు సగటు నేర్పుతోందని.

వెక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"అక్కా, నాకొక్కటి చెప్పు. నీకు పాఠం చెప్పే ఆ పిల్ల ఇంకా బతికే ఉందా?"

"ఉంది. నామీద కోపంగా ఉంది."

"నీమీద కోపం తెచ్చుకుని బతికిందంటే గట్టి పిల్లే. ఆమెకు నా నమస్కారం చెప్పు."

పొడుగుజడ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. ముగ్గురం అయితే చాలదు.

సెప్టెంబరు 15, సోమవారం

రెండున్నరకే వెళ్ళాను. నాలుగో బల్లమీద కాగితం అలాగే ఉంది. ప్రశ్నలపిల్ల బోర్డు పక్కన నిలబడి నన్ను చూసి తల ఊపింది, అంతే. పావు తక్కువ మూడుకు ఆవులింత. పది నిమిషాల తర్వాత బూట్లబాబు, ఉతికిన బూట్లతో. మూడు అయింది. అద్దం వెనక ఇన్‌ఛార్జి తల ఎత్తి చూశాడు, లెక్కపెట్టాడు, గడియారం చూసుకున్నాడు. ముగ్గురం.

మూడు దాటి రెండు నిమిషాలకు ఆయన లేచాడు. తలుపు దాకా వచ్చాడు.

మెట్లమీద పరుగు చప్పుడు. పొడుగుజడ, జడ సగమే అల్లుకుని, రొప్పుతూ వచ్చి కుర్చీలో పడింది. "ఫోను లేదు కదక్కా, టైము తెలియలేదు!"

ఇన్‌ఛార్జి గుమ్మంలోనే ఆగాడు. బల్ల దగ్గరకు వచ్చి, ఆ కాగితాన్ని అంచులు చిరగకుండా ఊడదీసి, మడిచి, జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళాడు.

ప్రశ్నలపిల్ల కొత్త లెక్క రాసింది. రెండు బస్సు డిపోలు. ఒకదానిలో ఎనభై బస్సులు, ఇంకోదానిలో ఇరవై. ఒక్కో డిపోలో బస్సుల సగటు వయసు ఇచ్చింది. మార్కరు పొడుగుజడకు అందించింది. పొడుగుజడ రెండు సగటులనూ కలిపింది. రెండుతో భాగించింది. గర్వంగా వెనక్కి తిరిగింది.

అది తప్పు. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో నాకు తెలుసు. గుండీలతో సహా తెలుసు. నాలుక చివర ఉంది. నలుగురూ అలవాటు కొద్దీ నా వైపు చూశారు, నలుగురిలో ప్రశ్నలపిల్ల కూడా. నేను రెండు చేతులూ బల్ల కింద పట్టుకున్నాను.

"ఇప్పుడు ఈ రెండు డిపోల్లోని బస్సులన్నీ ఒకే మైదానంలో నిలబెడితే," అంది ఆ పిల్ల నెమ్మదిగా, "నీకేం కనిపిస్తుంది?"

పొడుగుజడ బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆవులింత ఆవులించలేదు. గడియారంలో ముల్లు కదిలింది, మళ్ళీ కదిలింది. ఎనిమిది నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగైన ఎనిమిది నిమిషాలు లేవు. ప్రశ్నలపిల్ల కూడా జవాబు తెలిసే అలా నిలబడి ఉంది, మూత కొరుకుతూ. వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున, ఈ పిల్ల ఈ పనే చేస్తోంది. నేనేమో ఆమెకు చెప్పడం రాదనుకున్నాను.

"ఆ ఎనభయ్యే ఉంటాయి కదక్కా... ఎక్కడ చూసినా," అంది పొడుగుజడ. "అయ్యో. ఆగు, ఆగు. చెప్పకు." రాసిందంతా మోచేత్తో తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టింది.

లేచేటప్పుడు ప్రశ్నలపిల్ల తన పుస్తకాలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే, "గురువారం మూడింటికండీ. తర్వాత వచ్చే పాఠం మీకు అసలు రాదు, ముందే చదువుకుని రండి," అంది.

చదువుతున్నాను. రెండు పుటలు అయ్యాయి. ఏమీ అర్థం కావడం లేదు.